వంకర చేప దొరికితే ఏం చేయాలి: సముద్రపు చేపల ఎముకల లోపాలను చూసి, కొలిచి, రాసిపెట్టే పద్ధతి

తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రేల్లోకి కానాగంతలు పోస్తుంటారు. వందల చేపలు బాణాల్లా తిన్నగా పడుతుంటే మధ్యలో ఒకటి నడుం విరిగినట్టు కనబడుతుంది. మొదటిసారి అలాంటిది చూసినప్పుడు నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. పది రూపాయలు ఎక్కువిచ్చి కొని, కవర్లో చుట్టి డీప్ ఫ్రిజ్‌లో తోసేశాను. ఆర్నెల్ల తర్వాత చేపల మీద పనిచేసే ఒక పెద్దాయనకు చూపిస్తే మూడే ప్రశ్నలు అడిగారు. ఎక్కడ పట్టారు? ఏ రోజు? ఆ ట్రేలో మొత్తం ఎన్ని చేపలున్నాయి? మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. మూడో ప్రశ్న అసలు ఎందుకు అడిగారో కూడా అప్పుడు నాకు అర్థం కాలేదు. ఈ వ్యాసం చాలావరకు ఆ మూడో ప్రశ్న గురించే.

నిజంగా వంకరేనా?

ముందు ఇది తేల్చుకోండి. చచ్చిన కొన్ని గంటల్లో చేప కండరాలు బిగుసుకుంటాయి. ఐస్ పెట్టెలో మూలకు ఒరిగి ఉన్న చేప ఆ ఒంపులోనే కట్టెలా గట్టిపడుతుంది. కొత్తవాళ్ళు తెచ్చే ‘గూని చేప’ల్లో చాలావరకు ఇవే. చేపను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా చాపండి. బలం పెట్టొద్దు, వెన్ను విరిగితే ఆ విరుపు మీరు చేసిందే అవుతుంది. గట్టిగా ఉంటే ఐస్ మీద తిన్నగా పడుకోబెట్టి, బిగువు సడలేదాకా ఆగండి. సడలాక తిన్నబడితే అది మామూలు చేప, పులుసుకు పంపేయండి. సడలినా ఒంపు పోకపోతే తల వెనక నుంచి తోక దాకా బొటనవేలితో వెన్ను వెంట నొక్కుతూ వెళ్ళండి. ఒంపు ఉన్న చోట ముడిలా, బొడిపెలా ఏదైనా తగులుతుందేమో చూడండి.

రెండో పొరపాటు, సహజంగానే వింతగా ఉండే జాతులను లోపం కింద జమకట్టడం. నాలుక చేపల్లో రెండు కళ్ళూ ఒకే పక్కన ఉంటాయి, అది వాటి తీరు. హాఫ్‌బీక్ చేపల్లో కింది దవడ సూదిలా ముందుకు సాగి, పై దవడ పొట్టిగా ఉంటుంది. రిబ్బన్ చేప అనే సావళ్ళ సంగతి మరీ తమాషా. తిన్నాక పళ్ళెంలో గోళీల్లాంటి ఉబ్బిన ఎముకలు మిగులుతాయి. తలపైన, వీపు రెక్క కింద ఉండే చిన్న ఎముకలు కొన్ని అలా లావెక్కుతాయి. దీన్ని హైపర్ఆస్టోసిస్ అంటారు. పార జాతి చేపలు కొన్నింటిలోనూ ఇది ఉంటుంది. చూడ్డానికి కణితిలా ఉంటుంది కానీ రోగం కాదు, ఆ జాతుల్లో పెరిగిన చేపలకు మామూలే. ‘సావళ్ళకు క్యాన్సర్’ అంటూ ఎవరైనా వాట్సాప్‌లో ఫోటో పంపితే ముందు ఈ మాట చెప్పండి.

జెట్టీ మీదే చేయాల్సిన పని

చేప ఇంటికి వచ్చాక చేసే పనులు రేపైనా చేసుకోవచ్చు. జెట్టీ మీది పని మాత్రం అప్పుడే కావాలి, వేలంపాట అయిపోతే ట్రే ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

సరంగును, అంటే బోటు నడిపే పెద్దను అడగండి. ఎటు వెళ్ళారు, ఎంత లోతులో వల వేశారు, ఎన్ని రోజుల వేట, ఏ వల? కిలోమీటర్లలో చెప్పకపోవచ్చు. ‘భీమిలికి ఎదురుగా, ఇరవై బారల నీళ్ళు’ అంటే అదే ముక్క రాసుకోండి. మార్చి రాయకండి, తర్వాత ఇంకెవరైనా లెక్కగట్టుకుంటారు. బోటులో జీపీఎస్ ఉంటే అంకెలు ఫోటో తీసుకోవచ్చేమో అడగండి. చాలామంది ఒప్పుకోరు, వేట తావు వాళ్ళ ఆస్తి. బలవంతపెట్టొద్దు.

చేప పేరు కూడా వాళ్ళు ఏమంటారో అదే రాయండి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో చూసిన 200 చేపల బొమ్మలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. స్థానికంగా ఏ పేరు వింటే ఆ పేరే ఆయన రాసుకున్నాడు. మన కానాగంత శాస్త్రీయ నామంలో ఇప్పటికీ ‘కానగుర్తా’ ఉండటానికి కారణం అదే. విన్నది విన్నట్టు రాసిన మాట రెండు వందల ఏళ్ళు నిలిచింది.

ఇక లెక్క. వంకర చేప దొరికిన ట్రేలో అదే జాతి చేపలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఓపిక లేకపోతే ఒక కిలోకి ఎన్ని తూగుతున్నాయో చూసి, ట్రే బరువుతో హెచ్చవేయండి. ఇది చేయకపోతే మీ చేప ఒక వింత మాత్రమే, సమాచారం కాదు. ‘నాకు నాలుగు గూని చేపలు దొరికాయి’ అంటే ఏమీ తెలియదు. ‘రెండు వేలు చూశాను, నాలుగు దొరికాయి’ అంటే వెయ్యికి రెండని తెలుస్తుంది. వచ్చే ఏడు మళ్ళీ చూసినప్పుడు పెరిగిందో తగ్గిందో చెప్పొచ్చు.

వంకరవి దొరకని రోజు కూడా లెక్క రాయాలి. ఇదే అందరూ వదిలేసేది. 300 చేపలు చూశారు, ఒక్కదానికీ లోపం లేదు. అది వృథా కాదు. గణాంకాల్లో ఒక సులువైన చిట్కా ఉంది: ఒక్కటీ దొరకనప్పుడు 3ని చూసిన చేపల సంఖ్యతో భాగించండి. 3 బై 300, అంటే నూటికి ఒకటి. ఆ సరుకులో లోపాలు నూటికి ఒకటి కంటే తక్కువేనని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. ముప్పై చేపలే చూసి ‘మా తీరంలో లోపాలే లేవు’ అంటే మాత్రం కుదరదు. అక్కడ మీరు చెప్పగలిగేది నూటికి పది కంటే తక్కువ అని మాత్రమే.

ఇంకో మోసం ఉంది. వేలానికి వచ్చే ట్రే అప్పటికే ఏరిన సరుకు. కళాసీలు బోటు మీదే పెద్దవి, చిన్నవి, చెడ్డవి వేరు చేస్తారు. వంకరది కనబడితే చేపపొడి మిల్లుకు పోయే చెత్త చేపల కుప్పలో పడేయడానికే అవకాశం ఎక్కువ. కాబట్టి మెరిసే ట్రేలే చూస్తే తక్కువ లెక్క వస్తుంది, చెత్త కుప్పే చూస్తే ఎక్కువ వస్తుంది. రెండూ చూడండి, రెండింటినీ కలపకుండా వేర్వేరుగా రాయండి.

ఈ పని చేస్తుంటే నవ్వుతారు. ఒక అవ్వ నన్ను పావుగంట చూసి, “గూనిదైతే ఏటి బాబూ, పులుసులో గూని కనబడతాదేటి?” అంది. ఆ ప్రశ్నకు తర్వాత వస్తాను.

ఒక హెచ్చరిక. దొరికింది తిమింగల సొరో, సముద్రపు గుర్రమో అయితే దాన్ని కొనొద్దు, ఇంటికి తేవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవి రక్షిత జాతులు. వెంటనే అటవీ శాఖకు చెప్పండి.

ఫోటో, కొలత

చేపను కడిగి, తుడిచి, ఒకే రంగు బల్ల మీద పెట్టండి. నల్లటి రెగ్జిన్ ముక్క బాగా పనికొస్తుంది. తల మీ ఎడమవైపు ఉండాలి, చేపల మీద పనిచేసేవాళ్ళందరూ అలాగే తీస్తారు. పక్కన స్కేలు, చీటీ. ఫోన్ చేపకు సరిగ్గా పైన ఉండాలి, వాలుగా పట్టుకుంటే తిన్నటి చేప కూడా వంకరగా పడుతుంది. పక్క నుంచి ఒకటి, వీపు వైపు నుంచి ఒకటి, నోటికి ఎదురుగా ఒకటి, లోపం ఉన్న చోటికి దగ్గరగా ఒకటి. వీపు ఫోటో మానేయొద్దు, పక్కకు తిరిగిన వంకర అందులోనే తెలుస్తుంది. అదే ట్రేలోంచి అదే సైజు మామూలు చేపను తీసుకుని పక్కన పెట్టి మరో ఫోటో తీయండి.

కొలతలో ఒక చిక్కు ఉంది. ముక్కు నుంచి తోక చీలిక దాకా తిన్నగా కొలవడం మామూలు పద్ధతి. వంకర చేపకు అది ఒక్కటే చాలదు, వెన్ను ఒంపు వెంట దారం పెట్టి రెండో కొలత కూడా తీసుకోండి. ఎందుకో చూడండి. చేప ఎంత పుష్టిగా ఉందో తేల్చడానికి బరువును వందతో హెచ్చవేసి, పొడవు ఘనంతో భాగిస్తారు. ఉదాహరణకు 110 గ్రాముల గూని కానాగంత తిన్నగా కొలిస్తే 19 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. లెక్క 1.6 వస్తుంది, మంచి బొద్దుగా ఉందని అర్థం. దారంతో కొలిస్తే 21.5 సెంటీమీటర్లు, లెక్క 1.1 దగ్గరకు దిగుతుంది. బొద్దుతనం చేపది కాదు, కొలతది.

ఆ వంకరను ఏమనాలి?

పేర్లు సరిగ్గా ఉంటేనే ఇద్దరు మనుషుల లెక్కలు పోల్చడానికి వీలవుతుంది. వెన్ను పైకి గుట్టలా లేస్తే కైఫోసిస్, మనం గూని అనేది ఇదే. కడుపు వైపుకు కుంగితే లార్డోసిస్. పక్కకు పాములా మెలికపడితే స్కోలియోసిస్. ఒకే చేపలో రెండు మూడు కలిసి ఉండొచ్చు, అప్పుడు అన్నీ రాయండి.

వెన్ను వంకర లేకుండా ఒళ్ళే పొట్టిగా, ఎవరో రెండు వైపుల నుంచి నొక్కినట్టు ఉంటే వెన్నుపూసలు అణగడమో, రెండు మూడు అతుక్కుపోవడమో జరిగి ఉంటుంది. పై దవడ, నుదురు లోపలికి నొక్కుకుపోయి, కింది దవడ ముందుకు పొడుచుకొస్తే పగ్‌హెడ్ అంటారు, ఆ ముఖం పగ్ కుక్కలా ఉంటుంది గనుక. మొప్పల మూత పొట్టిగా ఉండి ఎర్రటి మొప్పలు బయటికి కనబడటం, వీపు రెక్క ముళ్ళు కొన్ని లేకుండా అక్కడ గుర్రపు జీనులా పల్లం పడటం, ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే గీత మధ్యలో తెగిపోవడం కూడా చూడాల్సినవే. పేరు గుర్తు రాకపోతే మామూలు తెలుగులో రాయండి. తప్పు పేరు కంటే అది వెయ్యి రెట్లు నయం.

భద్రపరచడం

ఆ రోజే పని పూర్తి చేయలేకపోతే చేపను పళ్ళెం మీద తిన్నగా పడుకోబెట్టి గడ్డకట్టించండి. గట్టిపడ్డాక కవర్లో వేయండి. నేను చేసినట్టు ముందే కవర్లో కుక్కితే కొత్త వంకర ఒకటి తోడవుతుంది. చీటీ పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ను సిరా ఆల్కహాల్లో కరిగిపోతుంది.

జన్యు పరీక్షకు పనికొచ్చేలా రెక్క ముక్క ఒకటి కత్తిరించి 95 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేయండి. ఇది ఫార్మలిన్ (చేప కుళ్ళకుండా దాచే మందు) ముట్టకముందే చేయాలి, తర్వాత చేసినా అంతగా పనికిరాదు. ఫార్మలిన్ వాడేవాళ్ళు కాలేజీ ల్యాబ్‌లోనే, గాలి ఆడే చోట, గ్లౌజులతో వాడాలి. ఇంట్లో వద్దేవద్దు. బజారులో దొరికే ద్రావణం ఒక పాలు, నీళ్ళు తొమ్మిది పాళ్ళు, కొంచెం బోరాక్స్. బోరాక్స్ ఎందుకంటే ఫార్మలిన్ మెల్లగా ఆమ్లంగా మారి ఎముకలోని సున్నాన్ని తినేస్తుంది, ఎముక చూద్దామని దాచిన చేపలో ఎముకే మిగలదు. వారం తర్వాత నీళ్ళలో నానబెట్టి కడిగి, 70 శాతం ఆల్కహాల్లోకి మార్చాలి.

లోపల ఏముంది?

బయటి వంకర సగం కథే. మిగతా సగం ఎక్స్‌రేలో ఉంటుంది. తెలిసిన పశువైద్యుడు ఉంటే అడగండి, చేపను రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి తీసుకెళ్ళండి, లేకపోతే మళ్ళీ రానివ్వరు. పక్క నుంచి ఒకటి, వీపు నుంచి ఒకటి తీయించండి.

తల దగ్గర మొదలుపెట్టి వెన్నుపూసలు లెక్కపెట్టండి. కానాగంతకు 31 ఉండాలి, పార జాతుల్లో చాలావాటికి 24. తక్కువ వస్తే ఎక్కడో రెండు అతుక్కున్నాయని అనుమానించండి. ఎన్నో పూస దగ్గర ఒంపు మొదలైంది, ఎన్ని పూసలు రూపం మారాయి అన్నది రాసుకోండి. ఒకటి రెండు పూసల దగ్గరే గడ్డలా ఎముక పెరిగి, పైన చర్మం మీద పాత గాటు ఉంటే అది దెబ్బ, పెద్ద చేప కరిచిందో, వలలో నలిగి తప్పించుకుందో. పది పన్నెండు పూసలు వరసగా మేకుల్లా ఒకవైపు సన్నబడి, పైన గాటే లేకపోతే అది పిల్లగా ఉన్నప్పుడే మొదలైన లోపం కావడానికి అవకాశం ఎక్కువ.

ఎక్స్‌రే దొరకని వాళ్ళకు వంటింటి పద్ధతి ఉంది. పేగులు తీసేసి, మరగబోయే నీళ్ళలో చేపను కొద్దిసేపు ముంచి, కండను పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా దులపండి. ఎక్కువ ఉడికిస్తే పూసలన్నీ ఊడిపోయి వరస పోతుంది, కాబట్టి సగం దులిపాకే వెన్ను కాలువలోంచి సన్నటి తీగ దూర్చండి. తెల్లబడటానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. బట్టల బ్లీచ్ వాడితే ఎముక పొడిపొడి అవుతుంది. ఎక్స్‌రే తీయించే వీలుంటే అది అయ్యాకే ఈ పని చేయండి, వెనక్కి తిప్పలేం.

కోసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. మైకోబాక్టీరియం మెరైనమ్ అనే బాక్టీరియా చేపల్లో దీర్ఘరోగం తెచ్చి వెన్నును కూడా వంచగలదు, మన చేతి గాటులోంచి దూరితే నెలల తరబడి మానని పుండవుతుంది. పొట్టలో ఏమైనా మేత ఉందేమో, ఈతతిత్తి (చేపను నీళ్ళలో తేల్చే గాలి సంచి) బాగుందో లేదో, కాలేయం మీద తెల్లటి గింజలున్నాయేమో చూసి రాయండి. కడుపు నిండా మేత ఉంటే ఆ చేప తన గూనితోనే బతకడం నేర్చుకుందని అర్థం.

కారణం చెప్పేముందు

ఇక్కడే అందరం కాలు జారేది. వంకర చేప కనబడగానే ‘ఫ్యాక్టరీ నీళ్ళు’ అనేస్తాం. అది అబద్ధమని కాదు. 1975లో అమెరికాలోని వర్జీనియాలో హోప్‌వెల్ అనే ఊరి ఫ్యాక్టరీ నుంచి కెపోన్ అనే పురుగుమందు జేమ్స్ నదిలో కలిసిందని బయటపడింది. నదిలో చేపల వేట ఆపేశారు. తర్వాత ల్యాబ్‌లో షీప్స్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపలను ఆ మందు కలిపిన నీళ్ళలో ఉంచితే వాటి వెన్ను నిజంగానే మెలికపడింది. మలాథియాన్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందుల దారి వేరు. నరం నుంచి కండరానికి వెళ్ళే సంకేతం ఆగకుండా చేస్తాయి, కండరం పట్టేసినట్టు బిగుసుకుని లేత వెన్నును లాగేస్తుంది. కాడ్మియం, సీసం లాంటి లోహాల మీద కూడా ఇలాంటి రుజువులున్నాయి.

కానీ గుడ్డు పొదిగేటప్పుడు నీటి వేడి పెరిగినా, ఉప్పదనం మారినా, ఆక్సిజన్ తగ్గినా వెన్ను వంకరపోతుంది. మేతలో విటమిన్ సి తక్కువైతే ఎముకకు పట్టునిచ్చే కొల్లాజెన్ సరిగా కట్టుకోదు. భాస్వరం తక్కువైతే ఎముక మెత్తబడుతుంది. జపాన్‌లో ఎల్లోటెయిల్ చేపలకు మెదడులో చేరే మిక్సోజోవా అనే సూక్ష్మ పరాన్నజీవి వల్ల వెన్ను పక్కకు మెలికపడుతుంది. ఇవన్నీ బయటికి ఒకేలా కనబడతాయి. కాబట్టి వంకరను చూసి కారణం చెప్పడమంటే, కుంటుతున్న మనిషిని చూసి ఏ బండి గుద్దిందో చెప్పడమే.

పండుగప్ప దొరికితే ఇంకో అనుమానం పెట్టుకోండి. అది సముద్రంలో పుట్టిందేనా? హేచరీ పిల్లల్లో ఎముకల లోపాలు ఎక్కువ, ఎందుకంటే అక్కడ వాటిని తినే శత్రువు లేడు. ఈతతిత్తిలోకి గాలి నిండని పిల్ల తేలడానికి తంటాలు పడీ పడీ వెన్ను కుంగుతుంది. 2007లో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) విశాఖ దగ్గర సముద్రంలో పంజరం వేసి పండుగప్పను పెంచింది, ఆ తర్వాత పంజరాల సాగు ఇతర తీరాలకూ పాకింది. పంజరం చిరిగితే ఆ చేపలు సముద్రంలో కలుస్తాయి. సముద్రంలో మాత్రం ఈదలేని పిల్లను ఎవరో ఒకరు మొదటి వారంలోనే మింగేస్తారు. అందుకే పెద్ద చేపల్లో లోపాలు తక్కువ కనబడితే పుట్టినప్పుడూ తక్కువేనని అనుకోవడానికి లేదు. చనిపోయినవి మీ ట్రేలోకి రావు.

కాలుష్యమే కారణమని అనాలంటే కనీసం ఇవి కావాలి: అనుమానం ఉన్న చోట, లేని చోట, ఒకే జాతి, ఒకే సైజు చేపలు, రెండు చోట్లా వందల్లో లెక్క. పైగా ఊరూరా తిరిగే కానాగంతను కాకుండా ఒకేచోట మసలే చేపను ఎంచుకోవాలి. కానాగంత నిన్న ఎక్కడుందో దానికే తెలియదు.

అవ్వ ప్రశ్న

తినొచ్చా? వంకర ఒక్కటే ఉండి, చేప తాజాగా, పుండ్లు గడ్డలు లేకుండా ఉంటే ఎముక వంకర మనకు అంటుకునేది కాదు. నేనైతే ఎక్స్‌రే తీయించాక వండను, అది అప్పటికి నాలుగు గంటలు ఐస్ లేకుండా తిరిగి ఉంటుంది. కానాగంతను ఐస్ లేకుండా ఉంచితే హిస్టమిన్ పెరిగి ఒళ్ళు దద్దుర్లు లేస్తాయి, వండినా అది పోదు. పుండ్లున్న చేపలు, ఒకేచోట గుంపుగా దొరికిన వంకర చేపలు మాత్రం కూరకు వద్దు, పరీక్షకు పంపండి.

ఎవరికి పంపాలి

విశాఖలో సీఎంఎఫ్ఆర్ఐ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఫోటోలు వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే కుదించుకుపోయి పూసల దగ్గర ఏమీ కనబడదు. వెంట నాలుగు ముక్కలు చాలు: తారీఖు, తావు, వల; జాతి, రెండు పొడవులు, బరువు; లోపం ఏమిటి, ఎక్కడ; మొత్తం ఎన్ని చేపలు చూశారు. మీ ఊహను రాయాలనిపిస్తే చివర్లో, వేరే పేరాలో రాయండి.

ఒక్కసారితో ఆపకుండా నెలకో రోజు అదే జెట్టీ మీద అదే జాతిని చూస్తూ నోటుబుక్కు నింపండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలల గళ్ళలో సున్నా వేయొద్దు, ‘చూడలేదు’ అని రాయండి.